పిట్ట ముట్టని విస్తరి

మా చిన్నబాపు తన చావు కూడు తానే తిన్నాడు. ఆ రోజు వాగు ఒడ్డున నిలబడి చూసినవాళ్లలో నేనూ ఉన్నాను. మిగిలినవాళ్లెవరూ ఇప్పుడు లేరు.

మోదుగాకుల విస్తరి నిండా అన్నం, మేకకూర, పచ్చిపులుసు. పక్కన దొప్పలో కల్లు. అన్నీ ఆయనకు ఇష్టమైనవే. బాపమ్మ, అంటే మా నాన్నకూ ఆయన తమ్ముడైన చిన్నబాపుకూ తల్లి, స్వయంగా వండింది. తాటిచెట్ల మధ్య నుంచి ఆయన నడుచుకుంటూ వచ్చాడు. ఎవరి వైపూ చూడకుండా విస్తరి ముందు కూర్చున్నాడు. చెయ్యి కడుక్కోవడానికి అటూ ఇటూ చూశాడు. నీళ్లు లేవు. చచ్చినవాడికి చెయ్యి కడిగే నీళ్లు ఎవరు పెడతారు? బాపమ్మ తన చేతిలోని చెంబును ఇసుకలో పెట్టి, ఆయన వైపు కాస్త తోసింది. ఆ చెంబు ఇసుకలో గీసిన గీత నాకింకా కనిపిస్తుంది.

మొన్న పెత్తరమాసకు ముందు రోజు జనగామ నుంచి మా తమ్ముడి కొడుకు ఫోన్ చేశాడు. పెత్తరమాస నాడు మా వైపు ఇంట్లో పోయినవాళ్ల పేరు ఒక్కొక్కటే తీసి, ఒక్కొక్కరి పాలు, అంటే వాటా, బియ్యం దానమిస్తారు.

"అత్తా, తాతది, ముత్తాతది, ముత్తవ్వది ఎరికే. ఆ చిన్నతాత పేరు తియ్యాల్నా, వద్దా? నాయిన ఉన్నప్పుడు ఏం జేసేటోడో నాకు యాదికి లేదు."

రేపు చెప్తానని ఫోన్ పెట్టేశాను. ఆ తర్వాత చాలాసేపు పచ్చి తోలు వాసన వస్తున్నట్టే అనిపించింది.

ఆ వాసన మా బావిది. మా ఊరికి జనగామ నుంచి ఎద్దుబండి మీద ఒక పూట ప్రయాణం. మాది రెండు మోటల బావి. అంటే ఒకే బావి గట్టు మీద పక్కపక్కనే రెండు మోటలు నడిచేవి. ఒక్కో మోటకు ఒక జత ఎద్దులు, ఒక మనిషి. ఎద్దులు పల్లానికి దిగితే నీళ్లు నిండిన తోలు మోట పైకి వస్తుంది. వెనక్కి నడిస్తే ఖాళీ మోట బావిలోకి జారుతుంది. రెండింటినీ ఒకేసారి లాగితే గట్టు అదిరి గిలకలు కొట్టుకుంటాయి. అందుకని ఒకటి దిగుతుంటే ఒకటి ఎక్కాలి. రెండు జతలూ సరిగ్గా పల్లం నడుమ కలుసుకుంటాయి. మోట తోలే ఇద్దరూ అక్కడ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు, విడిపోతారు, మళ్లీ కలుస్తారు. పొద్దున్నుంచీ అంతే. పాట కూడా ఆ లెక్కనే సాగేది. సగం చరణం దిగేవాడు ఎత్తుకుంటే మిగతా సగం ఎక్కేవాడు అందుకుంటాడు. అంత పెద్ద బావిని ఇద్దరు మనుషులు పాటతో పైకి తోడుతున్నారని నేను నమ్మేదాన్ని. పాల పళ్లు ఊడుతున్న వయసు నాది.

ఒక మోట మా చిన్నబాపుది. రెండోది తొర్రూరు దిక్కు నుంచి మా ఇంట్లో జీతానికి వచ్చిన మనిషిది. ఆయనకు ముందూ వెనకా ఎవరూ లేరు. నేను మామా అని పిలిచేదాన్ని. ఎండిన తోలుకు ఆముదం పట్టించడం ఆయన పని. అందుకని ఆయన చేతుల నుంచి ఎప్పుడూ ఆముదం, తడి తోలు కలిసిన వాసన వచ్చేది. నాకు బెల్లం ముక్క ఇచ్చినా అదే వాసన. ఎద్దులు పల్లం దిగేటప్పుడు బిగిసిన మోకు మీద నన్ను కూర్చోబెట్టుకునేవాడు. బాపమ్మ దూరం నుంచి తిట్టేది. "ఆడపిల్లను మోకు మీద కూసోవెట్టినవ్, పండ్లు రాలితే నువ్విస్తవా?" "ఎట్లైనా రాలుతున్నయి గద పెద్దవ్వా," అనేవాడు ఆయన.

మామకు రేచీకటి. పొద్దు గూకితే కళ్లు కనపడవు. రోజూ ఎద్దులను విప్పాక చిన్నబాపు ఆయన చెయ్యి పట్టుకుని పొలం గట్ల మీద నుంచి ఇంటికి తీసుకొచ్చేవాడు. ఊళ్లోకి రాగానే మొదటి ఇంటి అరుగు మీద పొగాకు చుట్ట కాలుస్తూ ఒక ముసలమ్మ ఉండేది. "వచ్చిండ్రా మొగుడు పెండ్లాలు," అనేది. ఎదురింటివాళ్లు నవ్వేవారు. మామ తల దించుకునేవాడు. చిన్నబాపు మాత్రం, "వచ్చినం ముసల్దానా, నీకేమన్న నొప్పా?" అని నవ్వుకుంటూ పోయేవాడు. ఆ మాట పరాచికం అనుకున్నన్నాళ్లు ఊరంతా నవ్వింది.

ఆయనకు నిజంగా కనపడదా అని నాకో అనుమానం. ఒక సాయంత్రం దారికి అడ్డంగా, చప్పుడు చేయకుండా నిలబడి నాలుక బయట పెట్టి వెక్కిరించాను.

"నాలుక లోపల వెట్టు బిడ్డా, దోమ పోతది," అన్నాడు మామ.

"నీకు కనవడ్తుందా?"

"లేదు."

"మరెట్ల తెలిసింది?"

"మీ చిన్నబాపు నవ్విండు. చెయ్యి కదిలింది."

ఒక మనిషి ఇంకొకరి చేతిలోంచి లోకాన్ని చూడగలడని నాకు తెలిసింది అప్పుడే. ఆ తర్వాత చాలా రోజులు కళ్లు మూసుకుని అమ్మ చెయ్యి పట్టుకుని నడిచి చూశాను. నాకు ఏమీ కనిపించలేదు.

ఆ ఏడు దొర గడీకి తాళం వేసి పట్నం పోయాడు. ఎన్ని తరాల నుంచో ఊరి మీద కూర్చున్న మనిషి ఒక పొద్దున లేడు. తుపాకులు భుజాన వేసుకున్న సంగం మనుషులు పగటిపూటే ఊళ్లోకి వచ్చి మా వాకిట్లో జొన్న గట్క తిన్నారు. వెట్టి లేదన్నారు. ఎవరికీ బాంచెన్ అనొద్దన్నారు. గడీ ముందు నుంచి చెప్పులు చేత్తో పట్టుకుని నడిచే మా తాత, ఒకనాడు కిర్రుచెప్పులు వేసుకుని ఆ దారినే పోయాడు, వచ్చాడు, పని లేకపోయినా మళ్లీ పోయాడు. ఆ కిర్రు చప్పుడు వినడానికి జనం అరుగుల మీదికి వచ్చారు. నేనూ తాత వెనకే నడిచాను. లోకం ఇంత తేలిగ్గా మారుతుందా అనుకున్నాను.

చిన్నబాపు కూడా అదే అనుకుని ఉంటాడు.

వాకిట్లో మక్కకంకులు ఒలుస్తున్న రోజు. ఇంటిల్లిపాదీ ఉన్నాం. మామ కొట్టం దగ్గర ఎద్దులకు కుడితి పెడుతున్నాడు. తాత తువాలుతో మొహం తుడుచుకుంటూ వచ్చి కూర్చున్నాడు.

"మానుకోట కాడ పిల్లను సూసిన. మాటిచ్చి వచ్చిన. కోతలైనంక లగ్గం," అన్నాడు చిన్నబాపుతో.

"నాకు పెండ్లి వద్దు నాయినా."

"ఎందుకొద్దు?"

"నేను వానితోటి ఉంట." కొట్టం వైపు తల ఊపాడు.

"ఉండు. ఎవలొద్దన్నరు? పెండ్లయితె జీతగాన్ని ఎల్లగొడ్తమా?"

"గట్ల గాదు. వానితోనే ఉంట. ఇంకెవలతోటి కాపురం చెయ్య."

కంకులు ఒలిచే చేతులన్నీ ఆగాయి. తాత నవ్వడానికి చూశాడు. "వాని కండ్ల గురించా? ఓ పిలగాన్ని పెడ్త. పొద్దుగూకినంక చెయ్యి పట్టి తీసుకపోతడు. దానికెందుకు పరేషాన్?"

"వానికి కండ్లు లేవని గాదు. వాడు నాకు కావాలె."

కొట్టం దగ్గర కుడితి గోలెం మీద మూత పడిన చప్పుడు వినిపించింది. తాత మొహం మారింది. పక్కనున్న ములుగర్ర అందుకున్నాడు. చిన్నబాపు లేవలేదు. కంకి ఇంకా చేతిలోనే ఉంది.

"దొర ముంగట భయపడద్దని చెప్తిరి గద నాయినా. మీ ముంగట గూడ భయపడద్దు గావచ్చనుకున్న."

అంత నెమ్మదిగా చెప్పిన మాటకు తాత ములుగర్ర పైకెత్తాడు. మొదటి దెబ్బ చిన్నబాపు భుజం మీద పడింది. రెండోది అడ్డొచ్చిన బాపమ్మ మోచేతికి తగిలింది. పొద్దు వాలకముందే ఇద్దరూ వెళ్లిపోయారు. ముసలమ్మ అరుగు ముందు నుంచే చెయ్యి పట్టుకుని నడిచారు. ఆ రోజు ఆమె చుట్ట ఆరిపోయినా నోట్లోంచి తియ్యలేదు.

తాత ఈ సంగతి సంగం మనిషి దగ్గర కూడా పెట్టాడు. దొర ఆక్రమించిన భూములను ఎవరివి వారికి తేల్చిపెట్టిన మనిషి ఆయన. ఆలుమగల తగాదాలు కూడా తీర్చేవాడు. అంతా విన్నాడు. "గిది మాకెన్నడు రాలే పెద్దమనిషీ. దీనికేం చెప్పాల్నో నాకు తెల్వది. మీ ఇంటి ముచ్చట మీరే సూసుకోండ్రి," అని లేచాడు. గట్క తినకుండా పోయాడు.

కులపెద్దలకు మాత్రం ఏం చెప్పాలో తెలుసు. కొడుకు బతికున్నాడంటే ఇల్లంతా కులానికి వెలి. నిప్పు ఇవ్వరు, నీళ్లు ఇవ్వరు, పిల్లల పెళ్లిళ్లు కావు. చచ్చాడంటే దినం చేసి చూపించాలి. తాత రెండోది ఒప్పుకున్నాడు. ఆ తర్వాత ఊరి పొలిమేరలో కనిపిస్తే చచ్చినవాణ్ని నిజంగానే చంపుతానని నలుగురిలో చెప్పాడు. అన్నంత పని చేసే మనిషి. ఆ ఇద్దరూ అప్పటికి ఇంకా వాగు అవతల తాటివనంలోనే ఉన్నారని, చేతుల్లో ఏమీ లేక ఎటూ పోలేదని, గీత కార్మికులు బాపమ్మకు చెప్పారు. అంతకన్నా పెద్ద భయం ఆమెకు వేరే లేదు.

పాతిపెట్టడానికి శవం లేదు కనుక వాగు ఒడ్డున చిన్న బొంద తవ్వి చిన్నబాపు గొంగడిని పాతారు. తాత కుండ పగలగొట్టి తల మీద నీళ్లు పోసుకున్నాడు. మూడో నాడు పిట్టకు పెట్టారు.

పిట్టకు పెట్టడం మా దగ్గర ఎలా జరుగుతుందో తెలియనివాళ్లకు చెప్పాలి. పోయినవాడికి ఇష్టమైనవి వండి, పాతిన చోట విస్తరిలో పెట్టి అందరూ దూరంగా జరుగుతారు. కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే పోయినవాడికి తీరని కోరిక ఏదో ఉన్నట్టు. అదేమిటో ఇంటివాళ్లు ఊహించి, తీరుస్తామని పైకి చెప్పాలి. సరైన మాట పడగానే కాకి వస్తుంది. పిట్ట ముందు ఇచ్చిన మాటను ఎవరూ వెనక్కి తీసుకోలేరు. తీసుకున్న ఇల్లు నిలవదని నమ్మకం. తాత లాంటివాడు కూడా ఆ ఒక్కదానికి భయపడతాడు.

పొద్దున పెట్టారు. తుమ్మచెట్టు మీద కాకి ఉంది. కిందికి రాలేదు.

మా నాన్న, బాపు, ముందుకు వచ్చాడు. "తమ్మీ, నీ ఎద్దుల అమ్మం. ముసలియైనా మా కొట్టంలనే సస్తయి. తిను."

కాకి కొమ్మకు ముక్కు రుద్దుకుంది.

మా మేనత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "నా కడుపుల పుట్టేటోనికి నీ పేరే వెట్టుకుంట అన్నా," అంది. అప్పుడు ఆమెకు నెలలు నిండుతున్నాయి. కాకి కదలలేదు.

పొద్దు నడినెత్తికి వచ్చింది. అన్నం మీద ఈగలు ముసిరాయి. నాకు ఆకలి. మేకకూర వాసన అప్పటికీ నోరూరేటంత ఘాటుగా ఉంది. కులపెద్ద అసహనంగా, "ఇంకేమన్న ఉంటె చెప్పుండ్రి, పొద్దు పోతున్నది," అన్నాడు. చుట్ట ముసలమ్మ మెల్లిగా గొణిగింది. "బతికున్నోని బువ్వ పిట్ట ఎట్ల ముడ్తది? దానికి మీ అంత తెల్వదనుకున్నరా?"

"నువ్వు ఊకో," అన్నాడు కులపెద్ద.

తాత ఎంతసేపటికో నోరు విప్పాడు. "నీ పాలు భూమి ఎవ్వలకు ఇయ్య." అంతకన్నా రాలేదు. కాకి రాలేదు.

చెప్పాల్సిన మాట ఏమిటో అక్కడున్న అందరికీ తెలుసు. చిన్నపిల్లను, నాకే తెలుసు. ఎవరి నోట్లోంచీ అది బయటికి రావడం లేదు. ఇసుక కాలుతోంది. ఒక కాలు మార్చి ఒక కాలు వేస్తూ అందరం నిలబడ్డాం.

పొద్దు వంగాక బాపమ్మ కదిలింది. దెబ్బ తగిలిన మోచేతిని రెండో చేత్తో పట్టుకుని బొంద దగ్గరికి పోయింది. కాకి వైపు చూడలేదు. తాటివనం వైపు తిరిగి, మోట పాటకు పలికినట్టు గొంతెత్తి చెప్పింది.

"కొడుకా, వాన్ని నీ కాడికెల్లి ఎవ్వలు గుంజుకపోరు. మీ ఇద్దరి జోలికి ఎవ్వలు రారు. మీరిద్దరు కలిసే ఉండుండ్రి. పిట్ట ముంగట చెప్తున్న. ఇగ తిను."

తాత ఎవరో కొట్టినట్టు ఇసుకలో కూర్చుండిపోయాడు. కాకి చటుక్కున లేచింది, కానీ విస్తరి వైపు కాదు. తాటిచెట్ల మధ్య మనిషి కదిలితే బెదిరి వాగు మీదుగా ఎగిరిపోయింది. అప్పుడే చిన్నబాపు నడిచి వచ్చాడు.

ఆయన తింటుంటే నేను కళ్లు తిప్పుకోలేదు. చచ్చినవాడు తింటున్నాడని కాదు. మొన్నమొన్నటి దాకా మా వాకిట్లో మక్కలు ఒలిచిన మనిషి, ఇంతమంది కట్టిన చావును ముద్ద ముద్దగా నమిలి మింగుతున్నాడని, అప్పుడు ఈ మాటల్లో కాకపోయినా, నాకు తెలిసింది.

కొంచెం తిన్నాక తలెత్తి తల్లిని చూశాడు.

"ఉప్పు తక్కువైంది అవ్వా."

"ఏడ్సుకుంట వండిన. సూసుకోలే," అంది బాపమ్మ.

సగం తిన్నాడు. మిగతా సగాన్ని అదే ఆకులో జాగ్రత్తగా మడిచి తువాలులో మూట కట్టాడు. కల్లు దొప్పను ముట్టలేదు. లేచి బొంద దగ్గర మోకాళ్ల మీద కూర్చుని చేతులతో మట్టి తోడాడు. గొంగడిని బయటికి లాగి, రెండు సార్లు దులిపి, భుజాన వేసుకున్నాడు. పొద్దు ఎంతుందో చూశాడు. అప్పుడు తొందరపడ్డాడు. పొద్దు గూకేలోపు చేరాలి. తాటివనం అంచున మామ లేచి నిలబడి ఉన్నాడు. ఈ వైపే తిరిగి ఉన్నాడు కానీ, ఆ వెలుగులో ఆయనకు మేం కనపడ్డామో లేదో. చిన్నబాపు వెళ్లి చెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరూ అడవి దారి పట్టారు.

ఎవరూ వెంట పడలేదు. పిట్ట ముందు మాట పడింది కదా.

ఆ తర్వాత కులపెద్దల్లో పెద్ద గొడవ. చావు కూడు తిన్నాడు కాబట్టి చచ్చినట్టేనని ఒకరు. "బొంద ఖాళీగున్నది. సచ్చినోడేడి, సూపెట్టు," అని బాపమ్మ. రజాకార్లు వస్తున్నారన్న కబురుతో ఊరు చెట్టుకొకరు పుట్టకొకరు కావడంతో ఆ పంచాయితీ తెగలేదు. మళ్లీ ఇళ్లకు చేరాక అడిగేవాళ్లు లేరు.

మా బావి మీద రెండో మోట మళ్లీ నడవలేదు. వేరే మనిషిని పెట్టమని బాపు అన్నా తాత వినలేదు. ఒంటి మోట నడిచింది, పాట లేకుండా. ఎవరూ ఆముదం పట్టించక రెండో మోట తోలు ఎండి, పగిలి, కుక్కలు పీక్కుపోయాయి. తాత ఆ కుక్కలను అదిలించడం చూశాను. ఎందుకో అడిగే ధైర్యం మాకెవరికీ లేదు. పెత్తరమాస నాడు ఆయన కొడుకు పేరు తియ్యడానికి నోరు తెరిచేవాడు. బాపమ్మ వెంటనే, "ఆడు సావలే," అనేది. పేరు పడేది కాదు. బాపమ్మ పోయిన ఏడాది ఆ మాట అనేవాళ్లు లేరు. అయినా తాత తియ్యలేదు. ఒక పాలు బియ్యం మాత్రం పక్కకు పెట్టి, ఎవరి పేరూ చెప్పకుండా లేచాడు.

చాలా ఏళ్లకు, పేపరులో విలేకరిగా పనిచేస్తూ గోదావరి దిక్కు కాటారం వెళ్లినప్పుడు, అడవి అంచు పల్లెలో ఒక పెద్దావిడను కదిలించాను. ఇద్దరు మగవాళ్లు ఎటునుంచో వచ్చి తమ బావి మీద మోట తోలారని, వాళ్ల పాట కోసం ఆడవాళ్లు నీళ్ల వంకతో వచ్చేవారని చెప్పింది. "అన్నదమ్ములా అంటె నవ్వేటోళ్లు. పొద్దుగూకితే ఒగలు ఒగల చెయ్యి పట్టుకునేది." తర్వాత పోలీసులు అడవి పల్లెలన్నీ ఖాళీ చేయించి జనాన్ని రోడ్డు మీదికి తెచ్చినప్పుడు, ఎవరు ఎటు పోయారో ఆమెకు తెలియదు. వాళ్లే వీళ్లని నేను చెప్పలేను. రేచీకటి మనుషులు ఆ కాలంలో చాలామంది.

చిన్నబాపు వయసు లెక్క వేస్తే ఇప్పుడు బతికుండే వీలు లేదు. ఆ ఫోన్ వచ్చిన మరునాడు పొద్దున్నే మా తమ్ముడి కొడుకుకు నేనే ఫోన్ చేశాను. పేరు తియ్యొద్దని, బియ్యం మాత్రం పక్కన పెట్టమని చెప్పాను.

"ఒక్కరి పాలా అత్తా, ఇద్దరి పాలా?" అని అడిగాడు.

మా ఇంట్లో ఆ ప్రశ్న అడిగినవాళ్లు అంతకుముందు లేరు. ఇద్దరిదీ అన్నాను.

నిన్న మళ్లీ మాట్లాడాడు. అందరి బియ్యమూ ఇచ్చేశాడట. ఆ రెండు పాళ్లు ఎవరి పేరున ఎవరికి ఇవ్వాలో తెలియక, ఒకే గుడ్డలో మూటకట్టి దూలానికి వేలాడదీశాడట. అవి ఇంకా అక్కడే ఉన్నాయి.